బరంపురం నుంచి మెల్‌బోర్న్‌కి కొలంబో మీదుగా: అమ్మానాన్నల్ని శ్రీలంకన్ విమానం ఎక్కించే పద్ధతి

మా వీధిలో ఆరిళ్ల పిల్లలు ఆస్ట్రేలియాలో ఉన్నారు, అందులో నాలుగిళ్ల వాళ్లు మెల్‌బోర్న్‌లోనే. కాన్పు అనో గృహప్రవేశం అనో పెద్దవాళ్లకి పిలుపు వస్తుంది, వెంటనే ఫోన్ పట్టుకుని మా ఇంటికొస్తారు, "బాబూ, ఈ శ్రీలంక విమానం చవగ్గా చూపిస్తోంది, ఎక్కొచ్చంటావా?" అని. ఎక్కొచ్చు. మా అమ్మ రెండుసార్లు ఎక్కింది, మా అత్తగారూ మావగారూ ఒకసారి ఎక్కారు. వచ్చినవాళ్లకల్లా మళ్లీ మొదట్నుంచి చెప్పలేక, ఒడిశాలో బరంపురం, పర్లాకిమిడి, రాయగడ వైపు మన తెలుగువాళ్లందరికీ పనికొచ్చేలా రాసి పెడుతున్నాను. టికెట్ దగ్గర్నుంచి అక్కడ దిగేదాకా. వీసా సంగతి ఇందులో లేదు, అది పిల్లలే చూసుకుంటారు, మనం వేలు పెడితే ఇంకా చిక్కు.

ముందు ఆ కంపెనీ ఎలా నడుస్తుందో తెలియాలి, ఎందుకంటే మిగతా జాగ్రత్తలన్నీ దాన్నిబట్టే. నౌపడ తెలుసు కదా, గుణుపూర్, పర్లాకిమిడి నుంచి వచ్చే బండి అక్కడ దింపితే మెయిన్ లైన్ బండి పట్టుకుంటాం. శ్రీలంకన్‌కి కొలంబో అలాంటి జంక్షన్. రెండు కోట్ల పైచిలుకు జనం ఉన్న ద్వీపం, సొంత జనంతోనే లండన్‌కీ మెల్‌బోర్న్‌కీ పెద్ద విమానాలు నింపడం అయ్యే పని కాదు. అందుకని చెన్నై, హైదరాబాద్, బెంగళూరు, ముంబై లాంటి ఊళ్ల నుంచి ఏ320 రకం చిన్న విమానాల్లో మనుషుల్ని పోగేసుకుని కొలంబో తెస్తారు, అక్కణ్నుంచి ఏ330 అనే పెద్ద విమానంలో దూరప్రయాణానికి ఎక్కిస్తారు. మధ్యలో దిగి మారే శ్రమ మనం పడుతున్నాం కాబట్టి రేటు తగ్గుతుంది. ఇందులో మోసం ఏమీ లేదు, చవగ్గా ఉందంటే పాత విమానమేమో అని మా మావగారు చాలా రోజులు అనుమానపడ్డారు గానీ.

చెన్నై దారి కూడా నిన్నా మొన్నా పుట్టింది కాదు. ఈ కంపెనీకి ముందున్న ఎయిర్ సిలోన్ 1947 డిసెంబర్‌లో నడిపిన మొదటి విమానం కొలంబో దగ్గరి రత్మలాన నుంచి జాఫ్నా వైపుగా మద్రాసుకే వచ్చింది. అది మూతపడ్డాక 1979లో ఎయిర్ లంక పుట్టింది, 1990ల చివర దుబాయ్ కంపెనీ ఎమిరేట్స్ వాటా తీసుకున్నప్పుడు దానికే శ్రీలంకన్ అని పేరు మార్చారు. 2008లో నిర్వహణ మళ్లీ లంక ప్రభుత్వం చేతికొచ్చింది, 2014లో వన్‌వరల్డ్ అనే విమాన కంపెనీల కూటమిలో చేరింది. 2017లో విశాఖ నుంచి కూడా నేరుగా కొలంబోకి నడిపారు, మనకి అదే ఉంటే ఎంత హాయిగా ఉండేదో, బరంపురంలో పొద్దున్న బండెక్కితే మధ్యాహ్నానికి విశాఖ. ఇప్పుడది లేదు, మనకి చెన్నైయే గతి.

ఇక చిన్న కంపెనీతో వచ్చే చిక్కు. మొత్తం విమానాలే రెండు డజన్లకు అటూ ఇటూ, దూరప్రయాణం చేసే పెద్దవి అందులో సగం. గల్ఫ్ కంపెనీల్లా ఒకటి మొరాయిస్తే ఇంకోటి షెడ్డులోంచి తీసే వీలు ఉండదు. మెల్‌బోర్న్‌కి మామూలుగా రోజుకి ఒక్కటే. అది తప్పిపోతే మర్నాటి దాకా ఆగాల్సిందే. దేశం ఇబ్బందిలో పడితే కంపెనీకీ దెబ్బే: 2022లో లంకలో డాలర్లు అయిపోయి విమాన ఇంధనానికి కరువొచ్చినప్పుడు, కొలంబోలో బయల్దేరిన దూరప్రయాణం విమానాలు తిరువనంతపురంలోనో చెన్నైలోనో దిగి, ట్యాంకు నింపుకుని అప్పుడు ముందుకెళ్లేవి. అలాంటి రోజుల్లో కూడా లండన్, మెల్‌బోర్న్ సర్వీసులు వదలకుండా నడిపారు, అందుకు నేను వాళ్లని మెచ్చుకుంటాను. కానీ అమ్మని ఎక్కించేవాడికి మెచ్చుకోలు ఒక్కటే సరిపోదు, చేతిలో ఒక రోజు అదనంగా ఉండాలి.

టికెట్ తీసుకునేటప్పుడు

చెన్నై నుంచి మెల్‌బోర్న్ దాకా ఒకే పీఎన్‌ఆర్ మీద ఉండాలి. ఇది ఒక్కటి మర్చిపోకండి, మిగతావి కొంచెం అటూ ఇటూ అయినా ఫర్వాలేదు. ఒకే టికెట్ అయితే చెన్నై విమానం ఆలస్యమై కొలంబోలో రెండోది తప్పిపోయినా తర్వాతి దాంట్లో ఎక్కించే బాధ్యత కంపెనీది, సామాను కూడా చెన్నైలో వేస్తే మెల్‌బోర్న్‌లోనే తీసుకోవచ్చు. రెండు ముక్కలుగా కొంటే రెండు మూడు వేలు మిగలొచ్చు, కానీ మొదటిది లేటైతే రెండో టికెట్ డబ్బు గోవిందా. భువనేశ్వర్ నుంచి చెన్నైకి వేరే కంపెనీలో విడిగా తీసుకునే విమానానికీ ఇదే వర్తిస్తుంది, అందుకే ఆ విమానం అదే రోజుది కాకుండా ముందు రోజుది తీసుకోండి.

కొలంబోలో మధ్య వ్యవధి మూడు గంటలకు తగ్గకుండా చూసుకోండి. గంటన్నర కూడా చూపిస్తుంది బుకింగ్ సైటు, మనలాంటి వయసు వాళ్లు పరుగులు తీయగలరు గానీ మోకాళ్ల నొప్పులున్న అమ్మ తీయలేదు. చెన్నై నుంచి కొలంబోకి రోజుకి ఒకటికి మించే ఉంటాయి, కాస్త ముందుదాంట్లో పంపి అక్కడ కూర్చోనివ్వండి.

పేరు. మన సరిహద్దు తెలుగువాళ్లకి ఇది పెద్ద తలనొప్పి. మా అమ్మ పేరు లక్ష్మి. శ్రీకాకుళంలో అయితే స్కూలు కాగితంలో మధ్యలో కేఎస్‌హెచ్ పెడతారు, ఇక్కడ ఒడిశా ఆఫీసుల్లో ఎక్స్ పెట్టి రాస్తారు, మా అమ్మ ఆధార్‌లో ఒకటి, పాస్‌బుక్‌లో ఇంకోటి. ఇంటిపేరు ఒక కాగితంలో ముందు, ఇంకో కాగితంలో వెనక, మూడోదాంట్లో పొట్టి అక్షరం. టికెట్‌కి ఇవేవీ చూడకండి, పాస్‌పోర్టు ఫొటో పేజీలో కింద రెండు వరుసల్లో బాణాల గుర్తులతో ఉండే అక్షరాలు చూసి వాటి ప్రకారమే పేరూ ఇంటిపేరూ కొట్టండి. ఇంటిపేరు గడి ఖాళీగా ఉన్న పాస్‌పోర్టులు మన పెద్దవాళ్లవి చాలా ఉంటాయి, అలా అయితే సొంతంగా ఏదో ఒకటి నింపకుండా కంపెనీకి ఫోన్ చేసి ఎలా రాయాలో అడిగి అప్పుడే డబ్బు కట్టండి. పాస్‌పోర్టు మీద ఈసీఆర్ అని ఉందని కూడా కొందరు భయపడతారు, అది గల్ఫ్ లాంటి కొన్ని దేశాలకి పనికెళ్లే వాళ్ల కోసం పెట్టిన నిబంధన, ఆస్ట్రేలియా ఆ జాబితాలో లేదు.

ఫోన్ నంబరు మీదే ఇవ్వండి. మొదటిసారి నేను ఊళ్లో ఒక ట్రావెల్ ఏజెంట్ దగ్గర తీసుకున్నాను, అతను తన నంబరూ తన మెయిలూ పెట్టుకున్నాడు. టైమ్ మారిందని మెసేజ్ అతనికే వెళ్లింది, అతను చూడలేదు, మాకు తెలిసేసరికి మూడు రోజులే మిగిలాయి, రైలు టికెట్ రద్దు చేసి తత్కాల్ కోసం పొద్దున్న పదింటికి ముగ్గురం మూడు ఫోన్లతో కూర్చున్నాం. ఆ టెన్షన్ మీకొద్దు.

సీటు, భోజనం, వీల్‌చైర్

ఏ330 ఎకానమీలో సీట్లు రెండు, నాలుగు, రెండుగా ఉంటాయి. భార్యాభర్తలు వెళ్తుంటే కిటికీ వైపు రెండు సీట్లూ వాళ్లకే వచ్చేలా పెట్టండి, ఇంక మధ్యలో మూడో మనిషి ఉండడు, రాత్రి లేవాలన్నా ఎవర్నీ బతిమాలనక్కర్లేదు. ఒక్కరే వెళ్తుంటే మాత్రం కిటికీ వద్దు, నడవ పక్కన తీసుకోండి. మేఘాలు చూస్తుందని అమ్మకి కిటికీ సీటు ఇప్పించాను, అర్ధరాత్రి విమానంలో ఏం మేఘాలు, పక్కన నిద్రపోతున్న అబ్బాయిని లేపడానికి మొహమాటపడి నీళ్లు తాగడమే మానేసిందట. కాళ్లు వాచిపోయి దిగింది.

భోజనం దగ్గర నేను చేసిన తప్పు ఇంకా ఘోరం. జాబితాలో "హిందూ మీల్" అని కనిపించింది, మనవాళ్లది ఇదేగా అని టిక్కు పెట్టేశాను. హిందూ మీల్ అంటే శాకాహారం కాదు, ఆవు మాంసం లేని మాంసాహారం, కోడి రావచ్చు, చేప రావచ్చు. మా అమ్మ కార్తీకం నెల ఉపవాసాలుండే మనిషి. రేకు మూత తీసి, వాసన చూసి, మళ్లీ మూసేసి, బ్రెడ్డు ముక్కా పెరుగూ తిని పడుకుంది. అక్కడ దిగాక ఫోన్‌లో, "ఏట్రా, కోడిని పెట్టించావు నాకు?" అంది, అంతే, ఇంకో మాట అనలేదు, అదే ఎక్కువ గుచ్చుకుంది. మీరు ఏషియన్ వెజిటేరియన్ అని ఉన్నది పెట్టండి, కోడ్ ఏవీఎంఎల్. ఉల్లి, వెల్లుల్లి కూడా తినని వాళ్లకి జైన్ మీల్, వీజేఎంఎల్. హెచ్‌ఎన్‌ఎంఎల్ (అదే హిందూ మీల్ కోడ్) కనిపిస్తే దూరంగా ఉండండి. బయల్దేరడానికి కనీసం ఇరవైనాలుగు గంటల ముందు చెప్పాలి, నేనైతే టికెట్ కొన్నరోజే పెట్టేసి, ఎక్కే ముందు రోజు ఫోన్ చేసి రెండు విమానాల్లోనూ పడిందో లేదో అడుగుతాను.

మోకాళ్లు బాగోకపోతే వీల్‌చైర్ అడగండి, కనీసం రెండు రోజుల ముందు. మెట్లెక్కగలరా, దూరం మాత్రమే నడవలేరా, అసలు నడవలేరా అని అడుగుతారు, ఉన్నది ఉన్నట్టు చెప్పండి, దాన్నిబట్టి వేరువేరు ఏర్పాటు ఉంటుంది. కాళ్లు గట్టిగానే ఉన్నాయి, ఇంగ్లీషు రాకే భయం అనుకుంటే మీట్ అండ్ అసిస్ట్ అని, ఒక మనిషి వెంట ఉండి దారి చూపించే సాయం ఉంటుంది, అది ఇస్తారా, ఎంత తీసుకుంటారు అని అడగండి. భాష రాదని వీల్‌చైర్ పెట్టిస్తే నిజంగా నడవలేని వాళ్లకి కుర్చీలు చాలవు, చెన్నైలో ఒక్కో విమానానికి ఆ వరుస చూస్తే తెలుస్తుంది.

సామాను

మన ఊరి గొప్పే మనకి చిక్కు. బరంపురం నుంచి అప్పడాలూ ఊరగాయలూ లేకుండా ఎవరైనా కదులుతారా? కదలరు. కాబట్టి పద్ధతిగా తీసుకెళ్లండి. ఊరగాయ చేతి బ్యాగులో పెట్టకండి, నూనె ఉంది కదా, నూరు మిల్లీలీటర్లు దాటితే సెక్యూరిటీలో తీసేస్తారు. ఇంట్లో పెట్టిన జాడీ ఆవకాయ కంటే దుకాణంలో సీల్ వేసి, ఏముందో ఇంగ్లీషులో లేబుల్ ఉన్నది మేలు, అక్కడి అధికారి చదివి అర్థం చేసుకోగలగాలి. ఎండుకొబ్బరి చిప్పలు పెట్టకండి, నూనె ఎక్కువ ఉండి అంటుకుంటుందని మన దగ్గరే చెక్-ఇన్ సామానులో ఆపేస్తారు. పవర్‌బ్యాంక్ దీనికి రివర్సు, అది చేతి బ్యాగులోనే ఉండాలి.

ఆస్ట్రేలియాలో బయోసెక్యూరిటీ (తిండి, మొక్కలు, గింజల తనిఖీ) అంటే మన చెక్‌పోస్టు లాంటిది కాదు, కుక్కలు వాసన చూస్తాయి. పచ్చి కరివేపాకు, పళ్లు, మొలకెత్తే గింజలు, మాంసం, పాలతో చేసిన మిఠాయిలు వద్దే వద్దు. మునగ విత్తనాలు కొంగున కట్టుకుని వెళ్తానన్న పెద్దమ్మ ఒకావిడ ఉన్నారు మా వీధిలో, ఆవిడకి దండం పెట్టి ఆపాం. విమానంలో ఇచ్చే కార్డు మీద తిండి పదార్థాలున్నాయా అంటే "అవును" అనే రాయాలి. అవునని చెప్పి చూపిస్తే, వాళ్లకి నచ్చనిది తీసి పారేస్తారు, జరిమానా వేయరు. దాచి దొరికితే వేల డాలర్ల దాకా పడొచ్చు. మందులు మూడు నెలలకు మించకుండా, డాక్టరు ఇంగ్లీషులో రాసిన చీటీతో, అట్టపెట్టెల్లోనే ఉంచి పెట్టండి, బీపీ మాత్రలు మాత్రం కొన్ని చేతి బ్యాగులో.

చెన్నై దాకా

కోరమాండల్, హౌరా–చెన్నై మెయిల్ రెండూ బరంపురంలో ఆగుతాయి. కోరమాండల్ అయితే అర్ధరాత్రి ప్రాంతంలో ఎక్కితే మర్నాడు సాయంత్రానికి చెన్నై సెంట్రల్. అక్కణ్నుంచి ఎయిర్‌పోర్టుకి మెట్రో నేరుగా ఉంది, మారనక్కర్లేదు, కానీ రెండు పెద్ద సూట్‌కేసులుంటే టాక్సీయే నయం. ఏ రైలైనా సరే, దిగిన రోజు రాత్రికే విమానం పెట్టుకోకండి. సాయంత్రం ఐదుకి చేరతాం, విమానం రాత్రి పదికి, చాలదా అని నేనూ లెక్కేశాను ఒకసారి. బండి గూడూరు దాటాక రెండు గంటలు పొలాల మధ్య ఆగింది. స్టేషన్ నుంచి టాక్సీలో వెళ్తుంటే అమ్మ హనుమాన్ చాలీసా రెండుసార్లు పూర్తి చేసింది. అందింది, అందింది గానీ ఇంక ఆ లెక్కలు మానేశాను, ముందు రోజు దిగి ఎగ్మోర్ వైపు లాడ్జిలో పడుకుంటున్నాం.

అట్ట

ఇది నా సొంత ఏర్పాటు. అమ్మకి తెలుగు వచ్చు, ఒడియా వచ్చు, టీవీ హిందీ వచ్చు. కొలంబోలో ప్రకటనలు సింహళంలో, తమిళంలో, ఇంగ్లీషులో ఉంటాయి, మూడూ అమ్మకి రావు. పట్టుచీర పెట్టెలో వచ్చే గట్టి అట్ట ఒకటి జానెడు ముక్క కోసి, ఒక వైపు లావు స్కెచ్ పెన్నుతో ఇంగ్లీషులో రాశాను: నేను మెల్‌బోర్న్ వెళ్తున్నాను, నా విమానం నంబరు ఇది, నాకు తెలుగు, ఒడియా మాత్రమే వచ్చు, దయచేసి గేటు చూపించండి, కావాలంటే ఈ నంబరుకి వాట్సాప్ చేయండి. రెండో వైపు తెలుగులో అమ్మ కోసం: మొదట దిగేది కొలంబో, అక్కడ సామాను తీసుకోవద్దు, బయటికి అనే బోర్డు వైపు వెళ్లొద్దు, యూఎల్ (శ్రీలంకన్ కోడ్) అక్షరాలున్న బోర్డింగ్ కార్డు రెండోది చూపించు. గేటు నంబరు దగ్గర మాత్రం పెన్సిలు, ఎందుకంటే అది మారుతుంది. పై మూలన చిల్లు పెట్టి, పాస్‌పోర్టు సంచి తాడుకే కట్టాను. అవమానంగా ఉంటుందేమో అనుకున్నాను, తీరా చూస్తే కొలంబోలో ఇంకో తెలుగావిడ అది చూసి తన గేటు కూడా మా అమ్మనే అడిగిందట.

దాని పక్కనే ఆస్ట్రేలియా కార్డు నింపిన నమూనా కాగితం ఒకటి పెట్టండి. పిల్లలు పంపిస్తారు. విమానంలో పక్కవాళ్లని అడిగితే చూసి రాసిస్తారు, సంతకం అమ్మ చేస్తుంది.

కొలంబోలో, ఆ తర్వాత

ఎయిర్‌పోర్టు కొలంబో నగరంలో కాదు, కటునాయకలో. లోపలే ఉండి మారితే లంక వీసా అక్కర్లేదు, బయటికెళ్లి ఊరు చూద్దామనుకుంటేనే ఈటీఏ అనే అనుమతి కావాలి. గడియారం తిప్పుకోనక్కర్లేదు, లంక టైమూ మన టైమూ ఒకటే, పెద్దవాళ్లకి ఇది చిన్న సుఖం కాదు. మళ్లీ సెక్యూరిటీ తనిఖీ ఉంటుంది కాబట్టి చెన్నైలో కొన్న నీళ్ల సీసా అక్కడ పోతుంది, ఖాళీ సీసా పెట్టుకుంటే లోపల నింపుకోవచ్చు.

మెల్‌బోర్న్ విమానం అర్ధరాత్రి అటూ ఇటూగా లేస్తుంది, పదిన్నర గంటల పైన, మర్నాడు మధ్యాహ్నం దిగుతుంది. తలుపు దగ్గర ఎయిర్‌హోస్టెస్‌లు చేతులు జోడించి "ఆయుబోవన్" అంటారు. మా అమ్మకి సింహళం ఒక్క ముక్క రాదు కానీ అందులో ఆయువు ఉందని పట్టేసింది, దీర్ఘాయుష్షు అనే అర్థం. దాంతో పాటు వాళ్ల చీర మీదకి చూపు పోయింది, నీలం ఆకుపచ్చల్లో నెమలీకలు, కుచ్చిళ్లు నడుం దగ్గర బయటికి మడిచిన కట్టు. "పవిట బాగుంది గానీ అంచుకి కుంభం లేదురా" అని తీర్పు చెప్పింది, బరంపురం పట్టు తప్ప ఇంకేదీ ఆవిడ లెక్కలో చీర కాదు. నిజానికి ఆ రాత్రి భయం పోయింది అక్కడే అనుకుంటాను. విమానం లేచాక దుప్పటి అడగమని, రెండు గంటలకోసారి నడవలో ఓ నాలుగడుగులు వేయమని చెప్పి పంపండి, షుగర్ ఉన్నవాళ్లు ఇన్సులిన్ టైమ్ గురించి ముందే డాక్టర్ని అడగాలి, మెల్‌బోర్న్ మనకంటే నాలుగున్నర గంటలు ముందుంటుంది, వాళ్ల వేసవిలో అయితే ఐదున్నర.

తిరుగు ప్రయాణానికి ఇదంతా వెనక నుంచి చదవండి. చెన్నైలో దిగే రోజుకి కాకుండా మర్నాటికి రైలు టికెట్ తీసుకోండి, వెళ్లేటప్పుడు అప్పడాలు మోసిన సూట్‌కేసులు వచ్చేటప్పుడు మనవల పాత బట్టలతో ఇంకా బరువుగా వస్తాయి కాబట్టి స్టేషన్‌కి ఇద్దరు వెళ్లండి. అట్ట మాత్రం అక్కడ పారేయొద్దని పిల్లలకి ముందే చెప్పండి, పెన్సిలు గేటు నంబరు చెరిపి, విమానం నంబరు మీద కాగితం అంటిస్తే పనికొస్తుంది. మా అమ్మ అట్ట ఇప్పుడు పక్కింటి పెద్దమ్మగారి దగ్గర ఉంది, ఆవిడ వచ్చే నెల వెళ్తున్నారు.